వరాహగిరి వేంకటగిరి: రాజీ, రాజీనామా

మన వార్షిక సంచికను ఎడమ వైపు నుండి తెరచినవారికి తెలుగు పుటలు, కుడి వైపు నుండి తెరచినవారికి ఉర్దూ పుటలు కనబడతాయి. లిపులు వేరైనా, న్యాయస్థానానికి సంబంధించిన మాటల దగ్గర ఈ రెండు భాషల మధ్య ఏనాడూ గోడ లేదు. వకీలు, దావా, ఫిర్యాదు, అర్జీ, జామీను, చివరికి హక్కు అనే మాట సైతం ఉభయులకూ ఉమ్మడి ఆస్తియే. అయితే వీటిలో ఒక మాట మాత్రం దారిలో అర్థం మార్చుకున్నది. ఉర్దూలో రాజీనామా అంటే తగవు పడిన ఇరుపక్షాలూ సమ్మతించి వ్రాసుకొనే ఒడంబడిక పత్రం. కొలువు విడిచిపెట్టడానికి ఆ భాషలో ఇస్తీఫా అనే మాట ఉన్నది. తెలుగులో మాత్రం రాజీనామా అనగానే పదవిని వదలుకోవడమే స్ఫురిస్తుంది.

ఈ సంచికకు ఒక మహనీయుని జీవితచరిత్రను వ్రాయవలెనని సంకల్పించినప్పుడు మాకు ఈ మాటే మార్గం చూపినది. ఉర్దూ అర్థంలో రాజీనామా కోసం యావజ్జీవితం పాటుపడి, తెలుగు అర్థంలో రాజీనామా వలన దేశప్రసిద్ధి పొందిన ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయనే భారతదేశపు నాల్గవ రాష్ట్రపతి శ్రీ వరాహగిరి వేంకటగిరి. ఆయనను రాష్ట్రపతిగా ఎరిగినవారు పెక్కుమంది. కార్మికుని తగవు ఎక్కడ తీరవలెను, యజమాని ఎదుట బల్ల దగ్గరనా, న్యాయమూర్తి ఎదుట బోనులోనా అనే ప్రశ్నను జీవితమంతా మోసిన మనిషిగా ఎరిగినవారు మాత్రం కొద్దిమందియే. మేము ఈ వ్యాసంలో ఆ రెండవ గిరిగారిని గురించియే వ్రాస్తున్నాము.

గిరిగారు 1894 ఆగస్టు 10వ తేదీన బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. తండ్రి జోగయ్య పంతులుగారు పేరుపొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు. వకీలు ఇంట పుట్టిన కుమారుడు వకీలు కావడం ఆనాటి ఆచారం. కాని ఆ చదువు కోసం సాధారణంగా అందరూ వెళ్ళే లండనుకు గాక, గిరిగారు 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. ఆయన జీవితాన్ని మలచినది ఈ మలుపేనని మా అభిప్రాయం.

ఆ సంవత్సరమే డబ్లిన్ నగరంలో యజమానులందరూ ఏకమై పనివారిని గేటు బయట నిలిపివేశారు. జేమ్స్ లార్కిన్ నడుపుతున్న సంఘంలో చేరమని కాగితం మీద సంతకం చేసినవారికే పని ఇస్తామన్నారు. దాదాపు 20,000 మంది పనివారు అయిదు నెలల పాటు పస్తులకు ఓర్చుకున్నారు. ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించినది. అటువంటి సంతకం కోరడం అన్యాయమని ఆ సంఘం తేల్చి చెప్పినది. యజమానులు ఆ నివేదికను త్రోసిపుచ్చారు. దానిని అమలు జరిపించే అధికారం ఎవరికీ లేకపోయినది. 1914 ఆరంభంలో పనివారు తలవంచుకొని పనిలోకి మరలిపోయారు. న్యాయం పనివారి వైపు ఉన్నదని ఒక పెద్దమనిషి కాగితం మీద వ్రాసినంత మాత్రాన పొయ్యిలో పిల్లి లేవదని ఆ నగరం చూచినది. న్యాయశాస్త్రం చదువుటకు వచ్చిన పందొమ్మిదేండ్ల యువకునికి ఇంతకన్న పెద్ద పాఠ్యగ్రంథం ఏది?

ఐరిష్ స్వాతంత్ర్యోద్యమం కూడ ఆయనను ఆకర్షించినది. కార్మిక నాయకుడైన జేమ్స్ కానలీ ప్రభావాన్ని ఆయన తరువాతి కాలంలో ప్రీతితో స్మరించుకొనేవారు. 1916 ఏప్రిల్‌లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగినది. కానలీని, గిరిగారి కళాశాలలో ఆంగ్ల సాహిత్యం బోధించిన థామస్ మెక్‌డొనాను ప్రభుత్వం తుపాకులతో కాల్పించినది. భారతీయ విద్యార్థుల మీద కూడ అనుమానపు నీడ పడినది. ఆ జూన్‌లో బారిస్టరు పట్టా చేతికి రావడమూ, జులై 1వ తేదీలోగా దేశం విడిచి వెళ్ళవలెనని ఆజ్ఞ రావడమూ ఇంచుమించు ఒకేసారి జరిగాయి.

బరంపురానికి తిరిగివచ్చిన గిరిగారు న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు. సహాయనిరాకరణోద్యమం వచ్చినప్పుడు దానిని వదలుకున్నారు. 1922లో కల్లు, సారాయి దుకాణాల ఎదుట నిరసన తెలిపినందుకు కారాగారవాసం అనుభవించారు. దేశభక్తుల చరిత్రలలో ఇటువంటి ఘట్టాలు విద్యార్థులు ఎన్నో చదివి ఉన్నారు గనుక మేము వాటిని విస్తరించడం లేదు. గిరిగారి విశిష్టత రైలు పట్టాల దగ్గర మొదలవుతుంది.

ఆ రోజులలో కార్మిక సంఘానికి చట్టంలో స్థానం లేదు. మద్రాసులో 1918లో బి.పి. వాడియా స్థాపించిన కార్మిక సంఘం మీద బకింగ్‌హాం, కర్నాటక్ మిల్లుల యాజమాన్యం హైకోర్టుకెక్కినది. పనివారిని పని మానమని ప్రేరేపించడం ఒప్పందాన్ని భంగపరచడమేనని వాదించి, వాడియా మీద నిషేధాజ్ఞ తెచ్చుకున్నది. చివరకు వాడియా సంఘాన్ని విడిచి వెళ్ళవలసి వచ్చినది. కోర్టు అంటే పనివారికి ఆనాడు యజమాని చేతి కర్రగానే కనిపించినదంటే ఆశ్చర్యమేమి? ఎన్.ఎం. జోషి వంటివారి కృషి వలన 1926లో కార్మిక సంఘాల చట్టం వచ్చిన తరువాత గాని, సమ్మె నడిపిన నాయకునికి అటువంటి దావాల నుండి రక్షణ కలుగలేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్యాలయాలు కలకత్తాలో ఉన్నా, దాని గుండెకాయ ఖరగ్‌పూర్ కర్మాగారం. ఆ కర్మాగారంలో, ఆ మార్గంలోని స్టేషన్లలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్ళిన తెలుగువారు వేలసంఖ్యలో ఉండేవారు. నేటికీ ఖరగ్‌పూర్ వీధులలో తెలుగు వినబడడానికి కారణం ఆ వలసయే. గిరిగారు ఆ రైల్వే కార్మిక సంఘానికి నాయకులైనారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఒకరై, పది సంవత్సరాలకు పైగా దాని ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు అధ్యక్షులైనారు. మరుసటి సంవత్సరం జెనీవాలో జరిగిన అంతర్జాతీయ కార్మిక సమావేశానికి భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1927, 28 సంవత్సరాలలో ఖరగ్‌పూర్‌లో వందలాది పనివారిని అవసరం లేదని తొలగించడానికి యాజమాన్యం పూనుకున్నది. సమ్మె, లాకౌటు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. సంఘం శాంతియుతంగా నిలబడినది. కంపెనీ, దాని వెనుక ఉన్న బ్రిటిషు ప్రభుత్వం చివరకు దిగివచ్చి పనివారి కోర్కెలను అంగీకరించవలసి వచ్చినది. ఈ తగవులో న్యాయమూర్తి లేడు, ట్రిబ్యునల్ లేదు. ఉన్నదల్లా చేతులు కట్టుకొని కూర్చున్న పనివారి ఐకమత్యం, ఎదుటి పక్షం వారితో కూర్చుండి మాట్లాడగల ఒక నాయకుడు. కోర్టుకు వెళ్ళకుండా గెలిచిన ఈ గెలుపు గిరిగారి మనస్సులో చెరగని ముద్ర వేసినదని మేము తలుస్తున్నాము.

1931లో జరిగిన రెండవ రౌండు టేబిలు సమావేశంలో ఆయన కార్మికుల పక్షాన కూర్చున్నారు. 1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని ఓడించి మద్రాసు శాసనసభకు వచ్చారు. ఒక జమీందారును, అందునా అంతకు ముందు ప్రధానిగా ఉన్నవారిని, రైల్వే కూలీల నాయకుడు ఓడించడం ఆనాడు తెలుగు దేశమంతటా పెద్ద ముచ్చట. రాజగోపాలాచారి మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరిగారికి లభించాయి. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలోనూ ఆయనే కార్మిక మంత్రి. నడుమ 1942లో మరల చెరసాల. 1947 నుండి 1951 వరకు సింహళంలో మన హైకమిషనర్.

ఈ మధ్యకాలంలోనే దేశంలో కార్మిక న్యాయం రూపు మారిపోయినది. 1929 నాటి చట్టం ప్రకారం తగవు వస్తే విచారణ సంఘమో, రాజీ మండలియో వేయవచ్చును గాని, అది చెప్పిన మాట ఎవరినీ బంధించదు. డబ్లిన్‌లో జరిగినట్లే అన్నమాట. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, భారత రక్షణ నిబంధనల క్రింద ప్రభుత్వం క్రొత్త అధికారం తీసుకున్నది. తగవును తానే న్యాయనిర్ణయానికి పంపవచ్చు, వచ్చిన తీర్పును ఇరుపక్షాల నెత్తిన రుద్దవచ్చు. యుద్ధం ముగిసినా ఈ పద్ధతి ముగియలేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో అది స్థిరపడినది. 1950లో దీనికి పైన ఒక కార్మిక అప్పిలేటు ట్రిబ్యునల్ వచ్చినది. ఆ ఏడే ట్రిబ్యునళ్ళ తీర్పుల మీద తాను అప్పీలు వినవచ్చునని సుప్రీంకోర్టు నిర్ణయించినది. తగవు మెట్లెక్కుతూ పోయినది. దాని వెంట పనివాడు కూడ ఎక్కవలసి వచ్చినది.

1952 ఎన్నికలలో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికైన గిరిగారిని నెహ్రూగారు కేంద్ర కార్మిక మంత్రిని చేశారు. ఆ అక్టోబరులో నైనిటాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశంలో ఆయన తన మనస్సులోని మాటను బయటపెట్టారు. ప్రభుత్వం బలవంతంగా తగవును న్యాయనిర్ణయానికి పంపడం కార్మికోద్యమానికి మేలు చేయదని ఆయన వాదం. తీర్పు వచ్చినా ఒక పక్షం ఓడుతుంది, ఓడినవాని మనస్సులో పగ మిగులుతుంది. సంఘాలు సభ్యులను కూడగట్టే పనిని వదలి, కాగితాలు కట్టలు కట్టుకొని వకీళ్ళ చుట్టూ తిరుగుతాయి. తనంత తానుగా బేరమాడడం నేర్చుకోని సంఘం ఎన్నటికీ ఎదగదు. అందుచేత యజమాని, సంఘం ముఖాముఖి మాట్లాడుకోవలెను. కుదరకపోతే రాజీ అధికారి సహాయంతో మరల మాట్లాడుకోవలెను. అప్పటికీ కుదరకపోతే ఇద్దరూ ఇష్టపడి ఒక మధ్యవర్తిని ఎన్నుకోవలెను. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడని మన పెద్దలు చెప్పుకొనే సామెతకు ఇది శాస్త్రీయమైన రూపమని అనుకోవచ్చును. దీనికే గిరి విధానమని పేరు వచ్చినది.

ఇక్కడ మేము కొంత ఆగి మా సందేహాన్ని చెప్పవలసి ఉన్నది. గిరి విధానం ఖరగ్‌పూర్ కర్మాగారానికి సరిపోతుంది. వేలమంది ఒక గేటు లోపల పనిచేసేచోట సంఘానికి బలం ఉంటుంది, బలం ఉన్నవానితో యజమాని మాట్లాడక తప్పదు. నిజామాబాదు, కరీంనగరం ప్రాంతాలలో ఇంటి గడపలో కూర్చుండి బీడీలు చుట్టే ఆడవారి సంగతి ఏమిటి? మన విద్యార్థులలో ఎందరి తల్లులో, అక్కలో ఆ చాటను ఒడిలో పెట్టుకొని వారికి ఫీజులు కట్టినవారే. గంజిలో బస్తాలు మోసే హమాలీ ఎవరితో ముఖాముఖి కూర్చుంటాడు? బట్టల దుకాణంలో గుమాస్తా తన సేఠును ఏ బల్ల దగ్గరకు పిలుస్తాడు? ఇటువంటివారికి లేబర్ కోర్టే దక్కిన ఒకే ఒక్క బల్లగా ఉండేది. బలహీనుని చేతి నుండి కోర్టును తీసివేసి ఐకమత్యంతో గెలువుమని చెప్పడం ఈత రానివానికి పడవను తప్పించడం వంటిదే. ఆనాడు కార్మిక సంఘాలలోనే ఏకాభిప్రాయం కుదరకపోవడానికి ఈ భయమే ఒక కారణమని మా నమ్మకం. ప్రభుత్వంలోని ఇతర శాఖలు కూడ గిరి విధానానికి సుముఖంగా లేవు. నిర్బంధ న్యాయనిర్ణయం అట్లే నిలిచిపోయినది.

సరిగ్గా ఈ దశలో బ్యాంకు ఉద్యోగుల తగవు గిరిగారి గుమ్మంలోకి వచ్చినది. అది అప్పటికే ముదిరిన వ్యాధి. బ్యాంకులు ఆనాడు చాలావరకు ప్రైవేటు యజమానులవి. గుమాస్తాల జీతభత్యాల వివాదాన్ని 1949లో ప్రభుత్వం కె.సి. సేన్ అధ్యక్షతన ఒక అఖిల భారత ట్రిబ్యునల్‌కు పంపినది. 1950లో తీర్పు వచ్చినది. ఆ ట్రిబ్యునల్ సభ్యులలో ఒకరు మధ్యలో వేరే పని మీద వెళ్ళి తిరిగివచ్చారు. ఆయన లేనప్పుడు మిగిలినవారు విచారణ జరిపారు. అందుచేత ట్రిబ్యునల్ చట్టప్రకారం ఏర్పడినట్లు కాదని 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పునంతటినీ కొట్టివేసినది. జీతం ఎంత ఉండవలెననే ప్రశ్న తేలకుండానే, కుర్చీలో ఎవరు ఎప్పుడు కూర్చున్నారనే ప్రశ్న మీద ఉద్యోగుల రెండేళ్ళ శ్రమ బూడిదలో పోసిన పన్నీరైనది. చట్టరీత్యా అది సరియైన తీర్పే కావచ్చును. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి భార్యకు సంగతి చెప్పవలసివచ్చిన గుమాస్తాకు అది ఎట్లు తోచి ఉంటుందో మేము ఊహించగలము.

1952లో పంచాపగేశ శాస్త్రిగారి అధ్యక్షతన మరొక ట్రిబ్యునల్ వచ్చినది. 1953లో దాని తీర్పు వెలువడినది. ఇరుపక్షాలూ అప్పీలుకు వెళ్ళాయి. 1954 ఏప్రిల్‌లో కార్మిక అప్పిలేటు ట్రిబ్యునల్ తన నిర్ణయం ఇచ్చినది. ఉద్యోగులకు కొంత మేలు జరిగినది. అయిదేళ్ళకు కథ కంచికి చేరినదని అందరూ అనుకున్నారు.

చేరలేదు. ప్రజాప్రయోజనం పేరిట తీర్పును సవరించే అధికారాన్ని చట్టం ప్రభుత్వం చేతిలో ఉంచినది. చిన్న బ్యాంకులు ఈ భారం మోయలేవని, చిన్న ఊళ్ళలోని శాఖలు మూతపడతాయని ఆర్థికశాఖ వాదించినది. ఆ వాదనలో పస లేదని మేము అనము. పల్లెకు బ్యాంకు చేరడం ఆనాటి దేశానికి అవసరమే. 1954 ఆగస్టులో మంత్రివర్గం ట్రిబ్యునల్ నిర్ణయాన్ని తగ్గిస్తూ ఉత్తర్వు జారీ చేసినది. గిరిగారు మంత్రిపదవికి రాజీనామా ఇచ్చారు.

విద్యార్థులు ఇక్కడ ఒక సంగతిని జాగ్రత్తగా గమనించవలెను. గిరిగారు ట్రిబ్యునళ్ళను అభిమానించినవారు కారు. నిర్బంధ న్యాయనిర్ణయం పోవలెనని నైనిటాల్‌లో వాదించినవారు ఆయనే. అట్టివారు ఒక ట్రిబ్యునల్ తీర్పు కోసం పదవిని త్యజించడం పైకి విడ్డూరంగా కనబడుతుంది. లోతుకు పోయి చూస్తే అందులో వైరుధ్యం లేదు. తగవును కోర్టుకు పంపినది ప్రభుత్వం. పనివాని చేతి నుండి సమ్మె అనే ఆయుధాన్ని తీసుకొని, దానికి బదులుగా తీర్పు ఇస్తామని మాట ఇచ్చినది ప్రభుత్వం. ఆ తీర్పు తనకు నచ్చలేదని కత్తిరించినదీ ఆ ప్రభుత్వమే అయితే, పనివానికి బల్లా దక్కలేదు, బోనూ దక్కలేదు. రాజీని కోరినవాడు కనుకనే గిరిగారు తీర్పు యొక్క విలువను ఇతరులకన్న బాగుగా ఎరిగి ఉన్నారని మేము భావిస్తున్నాము.

ఆ రాజీనామా వృథా పోలేదు. ప్రభుత్వం ఒక విచారణ సంఘాన్ని నియమించక తప్పలేదు. న్యాయమూర్తి గజేంద్రగడ్కర్ 1955లో నివేదిక సమర్పించారు. అప్పిలేటు ట్రిబ్యునల్ నిర్ణయాన్ని కొద్ది మార్పులతో పునరుద్ధరించవలెనని సూచించారు. ఆ ఏడే పార్లమెంటు అందుకై చట్టం చేసినది. 1956లో మరొక సవరణ చట్టం వచ్చి కార్మిక అప్పిలేటు ట్రిబ్యునల్‌ను రద్దు చేసినది. దానితోపాటు ఇరుపక్షాలూ ఇష్టపడి మధ్యవర్తిని ఎన్నుకొనే మార్గాన్ని కూడ చట్టంలో చేర్చినది. మంత్రిగా ఉన్నప్పుడు గిరిగారు అడిగినదానిలో కొంత, ఆయన మంత్రిగా లేనప్పుడు లభించినది.

న్యాయస్థానం గుమ్మం గిరిగారు సైతం తొక్కవలసి వచ్చినది. 1957లో పార్వతీపురం నుండి లోక్‌సభకు పోటీచేసి ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు ప్రత్యేకించినది. ఎక్కువ ఓట్లు వచ్చినవారిద్దరూ గిరిజనులే కావడంతో రెండు స్థానాలూ వారికే దక్కాయి. సాధారణ స్థానం గిరిజనునికి చెల్లదని గిరిగారు సుప్రీంకోర్టు వరకు వెళ్ళి, 1959లో ఓడిపోయారు. ప్రత్యేక స్థానం గిరిజనునికి ఇచ్చిన రక్షణయే గాని, సాధారణ స్థానానికి వేసిన అడ్డుగోడ కాదని ఆ తీర్పు సారాంశం. గిరిగారి పట్ల మాకు ఎంత గౌరవం ఉన్నా, ఈ విషయంలో ఆయన ఓడిపోవడమే న్యాయమని చెప్పక తప్పదు.

ఆపై ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేసి, 1967లో ఉపరాష్ట్రపతి అయినారు. రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు 1969 మే 3న స్వర్గస్థులు కాగా, గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యత వహించారు. ఆ జులై 19న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సు మీద సంతకం చేసినవారు ఆయనే. బ్యాంకు గుమాస్తాల కోసం పదవి వదలిన పదిహేనేండ్లకు ఆ బ్యాంకుల యాజమాన్యమే ఆయన సంతకంతో ప్రభుత్వానికి మారినది. మరునాడే, రాష్ట్రపతి పదవికి స్వతంత్రంగా పోటీచేయడం కోసం ఆయన మరొకసారి రాజీనామా చేశారు. ఆ ఎన్నికలో గెలిచిన కథ అందరికీ తెలిసినదే. అది చెల్లదని కొందరు సుప్రీంకోర్టులో దావా వేసినప్పుడు, 1970లో, రాష్ట్రపతిగా ఉండి కూడ స్వయంగా కోర్టుకు వెళ్ళి సాక్ష్యం చెప్పారు. దావా వీగిపోయినది.

ఆయన పదవీకాలం చివరి సంవత్సరంలో జరిగిన ఘటనను తలచుకొంటే మనస్సు బరువెక్కుతుంది. 1974 మే 8న దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దాదాపు 17 లక్షల మంది పాల్గొన్నారు. సమ్మెకు ముందుండి నడచినది గిరిగారు తన చేతులతో పెంచిన రైల్వేమెన్ ఫెడరేషనే. దానికి అప్పటి అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. సంప్రదింపులు సాగుతూ ఉండగానే మే 2న ప్రభుత్వం ఆయనను నిర్బంధించినది. భారత రక్షణ నిబంధనలను ప్రయోగించి వేలమందిని జైళ్ళలో పెట్టినది. వేలమంది ఉద్యోగాలు పోయాయి. మే 27న సమ్మె విరమింపబడినది. మంత్రివర్గం సలహా మేరకే నడవవలసిన రాష్ట్రపతి భవనంలో ఆ ఇరవై దినాలూ కూర్చున్నవాడు ఒకనాటి ఖరగ్‌పూర్ సమ్మె నాయకుడు. 1954లో ఆయనకు రాజీనామా అనే దారి ఉన్నది. 1974లో, అదే ఆగస్టులో పదవీకాలం ముగియనున్న ఎనుబదేండ్ల వృద్ధునికి, ఆ దారిని చరిత్ర చూపలేదో, ఆయనే చూడలేదో నిర్ణయించడానికి మేము సాహసించము.

గిరిగారు వదలివెళ్ళిన ప్రశ్న అటు తరువాత కూడ చట్టంలో కదలుతూనే వచ్చినది. 1965 వరకు ఒంటరి ఉద్యోగిని పనిలో నుండి తీసివేస్తే, సంఘం పట్టించుకుంటేనే అది పారిశ్రామిక వివాదం అయ్యేది. ఆ సంవత్సరపు సవరణతో ఒక్కని తగవు కూడ వివాదమే అయినది. 1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మరొక అడుగు వేసినది. ఉద్యోగం పోయిన పనివాడు ప్రభుత్వపు అనుమతి కోసం చూడకుండా తానే లేబర్ కోర్టుకు దరఖాస్తు పెట్టుకొనే వీలు కల్పించినది. కేంద్ర చట్టంలో అటువంటి వీలు 2010లో గాని రాలేదు. గిరిగారి సొంత భాషాప్రాంతమే ఆయన కోరిన దారికి ఎదురుగా, బలహీనునికి కోర్టు తలుపును ముందుగా తెరచినదన్నమాట.

ఈ సంచిక కళాశాల కమిటీ పెద్దల చేతులలోకి కూడ వెళుతుంది గనుక, ఇంకొక మాట చనువుతో వ్రాస్తున్నాము. విద్యాసంస్థలు కూడ పరిశ్రమ అనే మాట కిందికి వస్తాయని 1978లో సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నిర్ణయించినది. కాని ఉపాధ్యాయుడు ఆ చట్టంలో చెప్పిన కార్మికుడు కాడని 1988లో ఆ కోర్టే చెప్పినది. అంటే ఒకే వరండాలో నడిచే వారిలో గుమాస్తాకు, అటెండరుకు లేబర్ కోర్టు తలుపు తెరచుకున్నది, పాఠం చెప్పే లెక్చరరుకు ఆ తలుపు లేకపోయినది. ఆయన వేరే చట్టం వెదకుకొనవలసి వచ్చేది, లేదా బల్ల దగ్గర కూర్చుండి మాట్లాడుకొనవలసి వచ్చేది. గిరిగారు ఉంటే ఈ రెండవ దారినే సూచించి ఉండేవారేమో.

భారత ప్రభుత్వం 1975లో గిరిగారికి భారతరత్న బిరుదు నిచ్చి సత్కరించినది. 1980 జూన్ 24వ తేదీన, ఎనుబదియైదేండ్ల వయస్సులో, మద్రాసులో ఆయన కన్నుమూశారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్న చివరి రోజులలో, 1974లో, జాతీయ కార్మిక సంస్థ ఒకటి ఏర్పడినది. 1995లో దానికి ఆయన పేరు పెట్టారు. ఢిల్లీ ప్రక్కన నోయిడాలో ఉన్న ఆ సంస్థకు రాష్ట్రాల కార్మికశాఖల నుండి అధికారులు శిక్షణకు వస్తారు. వారిలో యజమానిని, కార్మికుని ఎదురెదురుగా కూర్చుండబెట్టి మాట్లాడించే రాజీ అధికారులు కూడ ఉంటారు.